సిగ్గుపడి అడిగితే తుక్కే అంటగడతారు

 

పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

మొన్న మన గ్రూపులో డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, యాభై వేలలో గేమింగ్ సిస్టం అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నా. ఏ పార్టులు తీసుకోవాలె?" కింద కామెంట్లు చాలానే పడ్డాయి. అందులో పార్టుల పేర్లు చెప్పినోళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావన్నీ సుద్దులే. "అమ్మానాన్న పత్తి ఏరి పంపిన పైసలతో ఆటలా?" "మన గూడేలకు రోడ్లు లేవు, నీకు గేమింగ్ కావాల్నా?" "గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వు తమ్మీ, ఇవన్నీ ఎందుకు?" సాయంత్రానికి తమ్ముడు పోస్టు తీసేశాడు.

పోస్టు తీసేశాడు గానీ కంప్యూటర్ కొనే ఆలోచన మానుకున్నాడా? మానుకోడు. ఇప్పుడు ఎవ్వరినీ అడగకుండా ఒక్కడే షాపుకు పోతాడు. "గేమ్స్ ఆడనీకి" అని చెప్పడానికి సిగ్గుపడి, "చదువుకోవడానికి మంచి కంప్యూటర్ కావాలి సార్" అంటాడు. మేం చెప్పేది ఇదే. మన సుద్దుల వల్ల ఏ తల్లిదండ్రుల పైసా మిగల్లేదు. షాపువాడి దగ్గర మూలకు పడి ఉన్న పాత సరుకు మాత్రం అమ్ముడుపోతోంది.

"చదువుకోవడానికి మంచిది" అనే మాటకు కొలత లేదు. దాని కింద ఏదైనా అమ్మొచ్చు. "వాలొరెంట్, జీటీఏ ఫైవ్ ఆడాలి, మానిటర్ 1080పి, బడ్జెట్ ఇంత" అన్నామనుకోండి, దానికి కొలత ఉంది. ఆడిందా లేదా అనేది షాపులోనే తేలిపోతుంది. నోరు తెరిచి అడిగేవాడిని మోసం చెయ్యడం కష్టం. మనం చేస్తున్నదేంటంటే మన పిల్లల నోరు మనమే మూయించి పంపిస్తున్నాం.

ముందు పెద్దల ప్రశ్నకు జవాబు చెప్తాం.

రోడ్లు లేవు, నిజమే. డోలీల్లో గర్భిణులను మోస్తున్నాం, నిజమే. దాని మీద కొట్లాడాల్సిందే, కొట్లాడుతున్నాం కూడా. కానీ ఆ తమ్ముడు గేమ్ ఆడటం మానేస్తే ఏ గూడేనికి రోడ్డు పడింది? పట్నం పిల్లాడు గేమింగ్ సిస్టం కొంటే "హాబీ" అంటారు. మనోడు కొంటే "దారి తప్పాడు" అంటారు. ఈ తేడా బయటివాళ్లు చూపిస్తే వివక్ష అని రాస్తాం. మనమే చూపిస్తే దానికి బాధ్యత అని పేరు పెట్టుకుంటున్నాం. అడిగింది చెల్లెలైతే ఇంకెన్ని మాటలు పడేవో చెప్పక్కర్లేదు. అందుకే మన చెల్లెళ్లు అడగను కూడా అడగరు.

దండారి రోజుల్లో గుస్సాడి ఆడేవాళ్లను "దీనితో ఉద్యోగం వస్తదా?" అని ఎవరైనా అడుగుతారా? ఆట ఆటే. దానికి వేరే సాకు అక్కర్లేదు. అదే గుస్సాడిని నేర్పిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అవార్డు వస్తుందని ఆయన ఆడలేదు. మనిషి బతుకులో ఆటకు చోటుంటుందని మన పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారు. స్క్రీన్ మీద ఆడేసరికి మనకెందుకు ఇంత గాబరా?

హద్దు లేకుండా ఆడితే చదువు పాడవుతుంది, ఒప్పుకుంటాం. అది ఫోన్‌కూ వర్తిస్తుంది, క్రికెట్‌కూ వర్తిస్తుంది. రాత్రంతా ఫోన్‌లో ఫ్రీ ఫైర్ ఆడి, డైమండ్ల కోసం డబ్బులు పెట్టేవాళ్లు మన హాస్టళ్లలో లేరా? వాళ్ల మీద ఇంత పెద్ద కామెంట్లు ఎప్పుడూ పడలేదు. కంప్యూటర్ అనేసరికే అది మన స్థాయికి మించింది అన్నట్టు మాట్లాడుతున్నాం. అసలు జబ్బు అక్కడుంది.

ఇక షాపు సంగతి.

"ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌జీబీ క్యాబినెట్, గేమింగ్ కీబోర్డు మౌస్ ఫ్రీ." మన పిల్లలు ఇంటికి తెచ్చుకునే సెట్టు ఎక్కువగా ఇదే. ఒక్కో ముక్కా విప్పి చూద్దాం.

ఐ7 అంటే గొప్పదే అనుకుంటాం. ఏ జనరేషన్ అని అడగం. ఈ సెట్లలో ఉండేది తరచుగా ఐ7-3770. అది మూడో జనరేషన్, 2012 నాటిది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కూ అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కానీ పదేళ్ల తర్వాతిది కాబట్టి ఒక్కో కోరు చేసే పని చాలా ఎక్కువ. ఆటల్లో ఆ పాత ఐ7 ఈ ఐ3కి దరిదాపుల్లోకి కూడా రాదు. ఐ3, ఐ5, ఐ7 అనే అంకె ఒకే జనరేషన్ లోపల పోల్చుకోవడానికే. "ఐ7" తర్వాత వచ్చే నంబర్ చూడండి. 3770 అంటే మూడో తరం, 12100 అంటే పన్నెండో తరం. ఈ చిన్న లెక్క తెలిస్తే సగం మోసం ఆగిపోతుంది.

పాత ప్రాసెసర్‌తో ఇంకో చిక్కు. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా అనుమతి, పైగా టీపీఎం 2.0 ఉండాలి. షాపువాడు ఏదో కిటుకు చేసి పాతదాంట్లో విండోస్ 11 ఎక్కించి ఇస్తాడు. డెస్క్‌టాప్ చక్కగా కనిపిస్తుంది. కానీ విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలంటే ఆ గేమ్‌కే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ కావాలి. ఇంటికొచ్చి గేమ్ డౌన్‌లోడ్ చేసుకున్నాక ఎర్రర్ వస్తుంది. అప్పుడు షాపువాడు "అది గేమ్ ప్రాబ్లం" అంటాడు.

"4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని పెట్టేది జీటీ 730. 2014లో వచ్చిన కార్డు. మానిటర్‌లో బొమ్మ కనిపించడానికి పనికొస్తుంది, ఈ కాలం ఆటలకు కాదు. వీటిలో కొన్నింటికి 4 జీబీ మెమరీ ఉన్నమాట నిజమే గానీ అది నిదానంగా నడిచే డీడీఆర్3. సన్నటి పైపుకు పెద్ద ట్యాంకు కడితే నీళ్లు వేగంగా వస్తాయా? కార్డును జీబీతో కొలవడం అలాంటిదే. కార్డు పేరు, నంబర్ అడగాలి. ఆ నంబర్ యూట్యూబ్‌లో కొట్టి మనకు కావాల్సిన గేమ్ ఎన్ని ఎఫ్‌పీఎస్ ఇస్తుందో చూడాలి. రెండు నిమిషాల పని.

ఇక అసలు ప్రమాదం ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే డబ్బా మీద "500 వాట్స్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాని పక్కన లేబుల్ మీద చిన్నక్షరాలు చదవండి. 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు అని ఉంటుంది. 16 ఆంపియర్లని ఉంటే 12 ఇంటూ 16, అంటే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఈ లైను మీదే. ఆర్ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు. ఐ3-12100ఎఫ్ గట్టిగా పనిచేసినప్పుడు 89 వాట్ల దాకా పోతుంది. రెండూ కలిపి 221. డబ్బా ఇవ్వగలిగేది 192. గేమ్ మధ్యలో సిస్టం ఆఫ్ అవుతుంది. లేదా ఎస్ఎంపీఎస్ కాలి, పోతూ పోతూ మదర్‌బోర్డునూ తీసుకుపోతుంది. మా జూనియర్ ఒకడికి రెండో నెలలోనే బోర్డు పోయింది. బిల్లు అడిగితే చేతిరాత చీటీ చూపించాడు. అందులో "కంప్యూటర్ 1" అని తప్ప ఇంకేం లేదు. వారంటీ ఏ కంపెనీని అడగాలి?

ఇదంతా చదివి "అందుకే కొనొద్దన్నాం" అనొద్దు. ఎలా కొనాలో చెప్పేవాళ్లు లేకనే ఇలా జరుగుతోంది. అందుకే మేం ఇప్పుడు పార్టుల పేర్లు చెప్తున్నాం. తమ్ముడు అడిగింది ఇదే కదా.

ముందు తేల్చుకోవాల్సింది ఏ గేమ్స్, ఏ మానిటర్ అని. మన బడ్జెట్‌కి 1080పి మానిటర్ చాలు. దానికి మించి ఆశపడితే కార్డు ఖర్చు కొండెక్కుతుంది. ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రేట్లు రాయం, దారి చెప్తాం. రెండు దారులున్నాయి.

మొదటి దారి, గ్రాఫిక్స్ కార్డు లేకుండా. రైజెన్ 5 5600జి తీసుకోండి. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది. వాలొరెంట్, జీటీఏ ఫైవ్ లాంటివి సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. చివరన "జి" ఉండాలి. రైజెన్ 5 5600కి, 5500కి లోపల గ్రాఫిక్స్ లేదు. ఇంటెల్‌లో చివరన "ఎఫ్" ఉన్నవాటికీ లేదు. కార్డు లేకుండా అవి కొంటే మానిటర్ నల్లగానే ఉంటుంది. ఈ దారిలో మర్చిపోకూడని మాట ఒకటి. లోపలి గ్రాఫిక్స్ మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8, 8 రెండు స్టిక్కులు వెయ్యండి. ఒక్క స్టిక్ వేస్తే మెమరీ దారి సగమైపోతుంది, ఆట తడబడుతుంది. స్కాలర్‌షిప్ పడ్డాకో పంట డబ్బులు వచ్చాకో ఇదే సిస్టంకి కార్డు తగిలించుకోవచ్చు, ఎస్ఎంపీఎస్ ముందే మంచిది పెట్టుకుంటే.

రెండో దారి, కార్డుతో. ఐ3-12100ఎఫ్ లేదా రైజెన్ 5 5500 లేదా 5600 ప్రాసెసర్. కార్డు ఆర్ఎక్స్ 6600, 8 జీబీ. మొత్తం డబ్బులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా కార్డుకే పోవాలి. గేమింగ్ సిస్టంలో ఆడేది అదే. ప్రాసెసర్ మీద ఎక్కువ పెట్టి కార్డు దగ్గర పిసినారితనం చేస్తే అది ఆఫీసు కంప్యూటర్ అవుతుంది. ఆర్‌టీఎక్స్ 3050 చూపిస్తే 8 జీబీనా 6 జీబీనా అని అడగండి. పేరు ఒకటే, కార్డులు వేరు. 6 జీబీది నెమ్మది. అయితే అది 70 వాట్లే తింటుంది, చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. ఎస్ఎంపీఎస్ చిన్నదైతే అదే దిక్కు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా వస్తుందని పడిపోకండి. 4 జీబీ మెమరీ, పీసీఐఈ దారి కూడా ఇరుకే. రైజెన్ 5500, 5600జి లాంటి పీసీఐఈ 3.0 ప్రాసెసర్లతో వేగం ఇంకా పడిపోతుంది.

మదర్‌బోర్డుకు ఆడంబరం వద్దు. ఆ ఐ3కి హెచ్610 బోర్డు సరిపోతుంది. రైజెన్‌కి బీ450 లేదా బీ550. హెచ్610లో డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు. పాత బీ450 బోర్డయితే బయోస్ అప్‌డేట్ చేశారా అని అడగండి. లేకుంటే రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్‌తో ఆన్ కాకపోవచ్చు.

ర్యామ్ రేట్లు 2025 చివరి నుంచి మండిపోతున్నాయి. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు సరుకు మళ్లించడం దీనికి పెద్ద కారణం. ఎక్కడో సర్వర్ల గోడౌన్ కడితే ఉట్నూరు తమ్ముడి జేబుకు చిల్లు పడుతోంది. పాత డీడీఆర్4 స్టిక్కులు ఎవరి దగ్గరైనా ఉంటే వాడుకోండి. మిగతా పార్టులతో పోలిస్తే ర్యామ్ త్వరగా చెడిపోయేది కాదు. సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనగలిగేది అదే.

ఎస్ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ అయినా పెట్టుకోండి. హార్డ్ డిస్క్ మీద విండోస్ వేసి వాడటం ఇప్పుడు శిక్షే. ఎస్ఎంపీఎస్ 450 నుంచి 550 వాట్లు, పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, వారంటీ ఉన్నది కొనండి. ఆర్ఎక్స్ 6600కి ఏఎండీ చెప్పేదే కనీసం 450. క్యాబినెట్‌లో ముందువైపు గాలి పోయే జాలీ ఉండాలి. అద్దం వేసి మూసేసిన లైట్ల డబ్బా వేసవిలో పొయ్యిలా కాలుతుంది. లైట్ల మీద పెట్టే ప్రతి రూపాయీ కార్డు నుంచి కోసుకున్నదే.

ఊళ్లో పెట్టుకునేవాళ్లకు ఇంకో మాట. మన ఏజెన్సీలో కరెంటు ఎలా ఉంటుందో మనకే తెలుసు. వానాకాలం గాలి వీస్తే పోతుంది, వస్తే ఓల్టేజీ తక్కువ. మూడు పిన్నుల సాకెట్‌కి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. యూపీఎస్ తీసుకుంటే 600 వీఏ అంటే 600 వాట్లు అనుకోకండి, చాలావాటికి 360 వాట్లే. అది ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసుకుని షట్‌డౌన్ చెయ్యడానికి. ఈ ఖర్చు ముందే బడ్జెట్‌లో రాసుకోండి.

"ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు కదా" అనేవాళ్లకు. హాస్టల్‌లో బీరువా కూడా లేని గదిలో ఆరుగురు ఉంటే, నెలకోసారి ఊరికి పోయి రావాలంటే, ల్యాప్‌టాపే మేలు. కాదనం. కానీ అదే బడ్జెట్‌లో వచ్చే ల్యాప్‌టాప్‌కి ఆటలు ఆడే కార్డు ఉండటం కష్టం, పాడైతే మొత్తం సర్వీస్ సెంటర్‌కే. డెస్క్‌టాప్‌లో పోయిన పార్టే మార్చుకుంటాం. ఈ ఏడు ర్యామ్, పై ఏడు కార్డు. మన ఇళ్లలోకి డబ్బు వచ్చే తీరు కూడా అంతే కదా. పత్తి అమ్మినప్పుడు కొంత, తునికాకు డబ్బులు వచ్చినప్పుడు కొంత. విడతల వారీగా పెరిగే వస్తువు మన బతుకుకు సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు ఎదురుగా పెట్టించి, జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిజమైన కార్డేనా చూడండి. పేరు మార్చి అమ్మే దొంగ కార్డులను చాలావరకు అది పట్టేస్తుంది. పదిహేను నిమిషాలు గేమ్ ఆడించండి. కొత్తదైనా పాతదైనా బిల్లులో ప్రతి పార్టు పేరు, మోడల్ నంబర్, సీరియల్ నంబర్ విడివిడిగా రాయించుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటుకు పోతే ఒకే షాపులో ఆగిపోకుండా నాలుగు షాపుల్లో అదే లిస్టుకు రేటు రాయించుకోండి. లిస్టు మనదైతేనే రేట్లు పోల్చగలం. "ఇది లేదు, దీనికంటే మంచిది ఇస్తా తమ్ముడూ" అంటే లేచి వచ్చెయ్యండి.

చివరిగా ఇంకో మాట. అలాస్కాలో ఇనూపియట్ అనే ఆదివాసులున్నారు. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ ఇలా ఆటల మీద తన డబ్బు పెట్టింది. ఇనూపియట్ పెద్దలను, కథలు చెప్పేవాళ్లను కూర్చోబెట్టుకుని 2014లో "నెవర్ అలోన్" అనే గేమ్ తెచ్చారు. అందులో కథ వాళ్ల భాషలోనే వినిపిస్తుంది. ఆ కౌన్సిల్ పెద్దలు "మన పిల్లలకు ఆటలెందుకు" అనుకుని ఉంటే ఆ గేమ్ వచ్చేది కాదు. మన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరాలతో రేపు స్క్రీన్ మీద ఏం రాస్తాం? బ్లెండర్, గోడో లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం, పైన చెప్పిన సిస్టంలో నడుస్తాయి. గేమ్ ఆడే తమ్ముడు, చెల్లెలే గేమ్ చెయ్యాలని అనుకుంటారు. అయితే ఒకటి. ఇదేదో చేస్తేనే కొనుక్కునే హక్కు ఉందని మేం అనట్లేదు. ఉత్తగా ఆడుకోవడానికైనా హక్కు ఉంది.

కాబట్టి గ్రూపులో ఇకపై ఒక పద్ధతి పెట్టుకుందాం. ఎవరైనా పార్టుల గురించి అడిగితే పార్టుల గురించే జవాబు చెప్పాలి. సుద్దులు చెప్పాలనుకునే అన్నలు ముందు ఒక పార్టు పేరు చెప్పి, ఆ తర్వాత సుద్దులు మొదలుపెట్టండి. షాపుకు ఒక్కరే పోవద్దు. హైదరాబాద్, వైజాగ్, వరంగల్‌లో ఉన్న సీనియర్లలో సిస్టం విప్పి బిగించడం తెలిసినవాళ్లు కింద మీ ఊరి పేరు రాయండి. కొనేవాళ్లకు తోడు పోండి. బిగించేటప్పుడు వాళ్ల చేతికే స్క్రూడ్రైవర్ ఇవ్వండి. ఒక్కసారి బిగించినవాడు ఇంకో పదిమందికి చెప్తాడు.

పోస్టు తీసేసిన తమ్ముడూ, మళ్లీ పెట్టు. ఈసారి ఏ గేమ్స్ ఆడాలో, ఎంత డబ్బు ఉందో, ఊళ్లో పెడతావా రూమ్‌లో పెడతావా అన్నీ రాయి. లిస్టు మేం రాస్తాం.

జోహార్.